ఒకవైపు టిక్కెట్టు: హాడో రేవు నుంచి చూస్తే ప్రవేశ నిబంధనల చరిత్ర

విదేశానికి ఒకవైపు టిక్కెట్టుతో బయలుదేరిన ప్రయాణికుణ్ని మొదట ఆపేది ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ అధికారి కాదు. మన ఊరి విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గరే ప్రశ్న మొదలవుతుంది: "తిరుగు టిక్కెట్టు ఏది?" ఫిలిప్పీన్స్‌కు వెళ్లే పర్యాటకుడు తిరుగు టిక్కెట్టో, అక్కడి నుంచి మరో దేశానికి వెళ్లే టిక్కెట్టో చూపాలి. ఇండోనేషియాలో దిగాక వీసా తీసుకోవాలన్నా అదే షరతు. మన దేశం కూడా ఈ-వీసా మీద వచ్చే విదేశీయులకు ఇదే చెబుతుంది: తిరుగు లేదా ముందు ప్రయాణపు టిక్కెట్టు, ఇక్కడ ఉన్నన్నాళ్లు ఖర్చులకు సరిపడా డబ్బు ఉండాలి.

ఇది పర్యాటక శాఖ వ్యవహారం, మన సిలబస్‌కు దీనితో పనేముంది అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. ఈ చిన్న షరతు వెనక 1857 తిరుగుబాటు, ఒప్పంద కూలీ వ్యవస్థ, గదర్ ఉద్యమం, బర్మా విభజన, ఆదిమ తెగల రక్షణ, 21వ అధికరణం అన్నీ ఉన్నాయి. వీటిని మనం వేర్వేరు అధ్యాయాల్లో చదువుతాం. ఈ వ్యాసంలో ఒకే దారంలో గుచ్చి చూద్దాం. అందుకు తగిన చోటు పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో.

వ్యాసం పొడవునా మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకోండి.

1. తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది?
2. తిరుగు తేదీని నిర్ణయించేది ఎవరు?
3. ఆ నియమం ఎవరిని కాపాడుతోంది?

ప్రవేశ నిబంధన ఏ కాలానిదైనా, ఏ దేశానిదైనా, ఈ మూడింటికి జవాబు దొరికితే దాని స్వభావం బయటపడుతుంది.

హాడో ఎందుకు?

చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు ఆగే రేవు హాడో. పక్కనే చాథమ్ దీవి. రెండింటినీ ఒక వంతెన కలుపుతుంది. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండున్నర నుంచి మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైగా ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వేటకో, కూలికో, ఉద్యోగానికో వచ్చి నిలిచిపోయిన కుటుంబాలవారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. ప్రిలిమ్స్ కోసం ఇది గుర్తుంచుకోండి. చరిత్ర చెబుతున్నాం కాబట్టి ఇక్కడ పాత పేరే వాడుతున్నాను.

ఈ నౌకాశ్రయానికి గత 160 ఏళ్లలో వచ్చినవారిలో చాలామంది ఒకవైపు టిక్కెట్టు మీద వచ్చినవారే. కొందరికి ఆ టిక్కెట్టును ప్రభుత్వం బలవంతంగా చేతిలో పెట్టింది. కొందరికి వెనక్కి వెళ్లడానికి ఊరే మిగల్లేదు. కొందరు తామే కొనుక్కున్నారు.

1858: తిరుగు తేదీ లేని ఓడ

ఈస్టిండియా కంపెనీ 1789లో ఆర్కిబాల్డ్ బ్లెయిర్ నాయకత్వంలో చాథమ్ దీవి మీద మొదటి స్థావరం పెట్టింది. కొన్నేళ్లకు దాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించి, రోగాల బాధ తట్టుకోలేక 1796లో వదిలేసింది. 1857 తిరుగుబాటు తర్వాత జైళ్లు నిండిపోయాయి. తిరుగుబాటుదారులను దేశంలో ఉంచడం ప్రమాదమని ప్రభుత్వం భావించింది. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో చాథమ్ చేరాడు. ఆధునిక అండమాన్ చరిత్ర అక్కడ మొదలవుతుంది.

దీనికి చట్టంలో ఉన్న పేరు ద్వీపాంతరవాస శిక్ష, జనం పెట్టిన పేరు కాలాపానీ. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం శిక్షకు అదనపు బరువైంది. ప్రభుత్వం ఆ భయాన్ని తెలిసే వాడుకుంది. ఖైదీకి ఊరు, కులం, కుటుంబం, భాష అన్నీ ఒక్క ఓడ ప్రయాణంతో తెగిపోయేవి.

ఇందులో తెలుగు నేల వాటా చిన్నది కాదు. 1857 జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్ష ద్వీపాంతరవాసంగా మారింది. ఆయన శిక్ష ముగిశాక తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రధాన నిందితుడు ప్రతివాది భయంకరాచారి కూడా సెల్యులార్ జైలు చూసినవారే. మన్యం తిరుగుబాటు మీద ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది 1924 మే 7తో, అంటే అల్లూరి మరణంతో, జవాబు ముగిస్తారు. అనుచరుల కథ అక్కడ ముగియలేదని మల్లుదొర జీవితం చెబుతుంది. ఈ ఒక్క వాక్యం మీ జవాబుకు బలమిస్తుంది.

అండమాన్‌లో ఖైదీ మెడలో ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద ఖైదీ సంఖ్య, శిక్షపడిన సెక్షన్, శిక్ష తేదీ, విడుదల తేదీ చెక్కి ఉండేవి. 1911లో సెల్యులార్ జైలుకు వచ్చిన వి.డి. సావర్కర్‌కు పడినవి రెండు యావజ్జీవాలు, మొత్తం 50 ఏళ్లు. ఆయన బిళ్ల మీద విడుదల సంవత్సరం 1960. తిరుగు తేదీని ఆ మనిషి మెడకే కట్టిన వ్యవస్థ ఇది. నేటి వీసా మీద ముద్రించే గడువు తేదీకీ దీనికీ పోలికే లేదు. కానీ "నువ్వు ఎప్పుడు కదలాలో మేం చెబుతాం" అనే అధికారం రెండింటిలోనూ రాజ్యానిదే.

ఇంకో టిక్కెట్టు కూడా ఉండేది. ఖైదీ మొదటి ఆరు నెలలు ఒంటరి గదిలో, తర్వాత ఏడాదిన్నర ఉమ్మడి జైల్లో, ఆపైన మూడేళ్లు రాత్రిళ్లు తాళం వేసే బారకుల్లో ఉంటూ ముఠా పనుల్లో గడపాలి. మరో ఐదేళ్లు కొంత తేలికైన పని. ఇలా పదేళ్లు సత్ప్రవర్తనతో గడిపితే 'టికెట్ ఆఫ్ లీవ్' ఇచ్చేవారు. అది ఉన్న ఖైదీ పల్లెలో ఇల్లు కట్టుకోవచ్చు, సాగు చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు లేదా భార్యాబిడ్డలను రప్పించుకోవచ్చు. స్థావరం విడిచి వెళ్లడానికి మాత్రం వీల్లేదు. పేరులో సెలవు ఉన్నా దీవి దాటే సెలవు లేదు. పూర్తి విడుదలకు 20 నుంచి 25 ఏళ్లు పట్టేది. అప్పటికి చాలామందికి ఊళ్లో ఎదురుచూసేవారు మిగిలేవారు కాదు. దీవిలోనే ఉండిపోయిన అలాంటివారి సంతతే నేడు '1942కు ముందరి స్థిరనివాసులు' అనే వర్గంలో ప్రధాన భాగం.

సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. జైళ్ల కమిటీ సిఫారసు మీద 1921లో ద్వీపాంతరవాసాన్ని ఆపాలని నిర్ణయించినా ఆచరణలో కొనసాగింది. నిరాహారదీక్షల ఒత్తిడితో 1937-38లో రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తెచ్చారు. 1942 మార్చిలో జపాన్ దీవులను ఆక్రమించింది. 1945లో బ్రిటిష్‌వారు తిరిగి వచ్చాక ఖైదీల స్థావరం రద్దయింది. భారత శిక్షాస్మృతిలో ద్వీపాంతరవాసం స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చింది మాత్రం 1955 సవరణ చట్టంతో, 1956 జనవరి 1 నుంచి.

తిరుగు టిక్కెట్టు హక్కుగా ఉన్న కాలం

ఇప్పుడు రెండో ఓడ ఎక్కుదాం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ నేటి దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరింది. అందులో ఉన్నవారు ఒప్పంద కూలీలు. మద్రాసు నుంచి ఆ తర్వాత వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారు కూడా పెద్ద సంఖ్యలో వెళ్లారు. ఒప్పందం ఐదేళ్లు. వలస దేశంలో పదేళ్లు పూర్తిచేసినవారికి ఉచిత తిరుగు ప్రయాణం. ఫిజీలోనూ ఇదే ఏర్పాటు. అక్కడికి 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేలమంది వెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి 1903లో ఓడలు మొదలయ్యాయి.

ఇక్కడ తేడా గమనించండి. కాలాపానీ ఖైదీకి తిరుగు ప్రయాణం నిషేధం. ఒప్పంద కూలీకి, కాగితం మీదైనా, అది హక్కు, ఖర్చు యజమానుల వైపుది. ఆ హక్కు నిజంగా ఎంతమందికి అక్కరకొచ్చింది, ఒప్పందకాలంలో దెబ్బలు, జరిమానాలు, వేతనాల కోత ఎలా ఉండేవి అన్నది వేరే కథ. అయినా తిరుగు టిక్కెట్టు కూలీ చేతిలో ఒక ఆయుధమే.

కొన్నేళ్లకు ఆ ఆయుధం మొన అటు తిరిగింది. ఒప్పందం ముగిసిన భారతీయులు నటాల్‌లో భూమి కొని, కూరగాయలు పండించి, వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నారు. అది తెల్ల వ్యాపారులకు నచ్చలేదు. 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిశాక మళ్లీ కూలీగా చేరనివారు, స్వదేశం వెళ్లనివారు ఏటా 3 పౌండ్లు కట్టాలి. తొలి రోజుల్లో కూలీకి మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, అంటే ఏడాదికి 6 పౌండ్లు. దాంతో పోలిస్తే ఆ పన్ను ఆరు నెలల కూలి. దాని అర్థం ఒక్కటే: పని చేసినంతకాలం ఉండు, మనిషిగా స్థిరపడతానంటే వెళ్లిపో. 1913 సత్యాగ్రహంలో గని కార్మికులు, తోట కూలీలు వేలసంఖ్యలో సమ్మెకు దిగడానికి ఈ పన్ను ముఖ్య కారణం. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టంతో అది రద్దయింది.

మన మూడు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. ఖర్చు యజమానులదే. తేదీని మాత్రం కూలీ చేతిలోంచి లాక్కోవాలని చూశారు. నియమం కాపాడింది స్థానిక తెల్లవారి వ్యాపార ప్రయోజనాన్ని. తిరుగు టిక్కెట్టు ఒకటే. 1860లో అది హక్కు, 1895 తర్వాత బెదిరింపు.

1908: టిక్కెట్టే చట్టమైన వేళ

కొత్తవారిని రంగు పేరుతో ఆపితే బ్రిటిష్ సామ్రాజ్యానికి చెడ్డపేరు. అందరూ బ్రిటిష్ ప్రజలే కదా! అందుకని వలస రాజ్యాలు రంగు మాట ఎత్తకుండా పని జరిగే దారులు వెతికాయి. నటాల్ 1897లో ఐరోపా భాషా పరీక్ష పెట్టింది. కెనడా ఇంకో ఎత్తు వేసింది. 1908లో వచ్చిన నిరంతర ప్రయాణ నిబంధన ప్రకారం, పుట్టిన లేదా పౌరసత్వమున్న దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, అక్కడే కొన్న టిక్కెట్టుతో రావాలి. భారత్ నుంచి కెనడాకు అలాంటి ఓడ ప్రయాణం అందుబాటులో లేకుండా చూశారు. పైగా ఆసియావాసుల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నారు. నిబంధనలో భారతీయుడు అన్న మాట లేదు, కానీ ఆగిపోయేది భారతీయుడే.

దీన్ని సవాలు చేస్తూ గురుదిత్ సింగ్ హాంకాంగ్‌లో 'కోమగాట మారు' ఓడను అద్దెకు తీసుకున్నారు. 376 మంది ప్రయాణికులతో అది 1914 మే 23న వాంకూవర్ చేరింది. రెండు నెలలు ఓడలోనే నిలిపేసి, కొద్దిమందిని మాత్రమే దిగనిచ్చి, జులై 23న మిగతావారిని వెనక్కి పంపారు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం భారత ప్రవేశ ఆర్డినెన్స్ తెచ్చింది. తిరిగి వచ్చేవారు స్వదేశంలో అడుగుపెట్టాలన్నా, ఊళ్లో తిరగాలన్నా ప్రభుత్వ ఇష్టమే. సెప్టెంబరు 29న బజ్‌బజ్‌లో ఆ ప్రయాణికుల మీద కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. 2016లో కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఈ ఘటన గదర్ ఉద్యమానికి ఆజ్యం పోసింది. కాలిఫోర్నియాలో చదువుతూ ఆ పార్టీలో చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య. ఆయన ఆత్మకథ 'నేను - నా దేశం' తెలుగులో ముఖ్యమైన చారిత్రక ఆధారం. 1915 లాహోర్ కుట్ర కేసుల్లో శిక్షపడిన గదర్ వీరులు చాలామంది చివరికి చేరింది సెల్యులార్ జైలుకే. పసిఫిక్ తీరంలో తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టి తరిమేసిన సామ్రాజ్యమే, బంగాళాఖాతంలో ఒకవైపు టిక్కెట్టు మీద దీవికి పంపింది. ఈ రెండు విషయాలను కలిపి రాస్తే పరీక్షకుడికి మీ అవగాహన తెలుస్తుంది.

బర్మా: రాత్రికి రాత్రి విదేశమైన పొరుగు

తెలుగువారికి అన్నింటికన్నా దగ్గరి ఉదాహరణ బర్మా. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కు కూలీలు ఏటా వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచారు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, తిరుగు టిక్కెట్టు అడిగేవారు లేరు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలోని భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె నుంచి ఘర్షణలు చెలరేగాయి. సమ్మె కాలంలో బర్మా కూలీలను పనిలో పెట్టుకోవడం, సమ్మె ముగియగానే వారిని తీసేయడం అందుకు నిప్పు అంటించింది. తక్కువ కూలికి దొరికే రెండు పేద సమూహాలను యజమానులు ఒకరి మీదికొకరిని తోసిన ఘటనగా దీన్ని చదవండి. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. రాకపోకలు వెంటనే ఆగలేదు. జేమ్స్ బాక్స్‌టర్ విచారణ తర్వాత, 1941లో కుదిరిన ఇండో-బర్మా వలస ఒప్పందం భారతీయుల ప్రవేశానికి అనుమతి పత్రాలు తప్పనిసరి చేయాలని చూసింది. భారత్‌లో దాని మీద పెద్ద నిరసన వచ్చింది. అమలు కాకముందే జపాన్ దాడి చేసింది. 1942లో లక్షలమంది అడవుల గుండా, కొండల గుండా కాలినడకన భారత్‌కు బయలుదేరారు. దారిలో చనిపోయినవారు వేలల్లో ఉన్నారు.

స్వతంత్ర బర్మాకు ప్రవేశం 1947 వలస చట్టంతో అనుమతి మీదే సాధ్యమైంది. 1962లో సైనిక పాలన, 1964లో దుకాణాల జాతీయీకరణ వచ్చాయి. 1960లలో సుమారు 3 లక్షలమంది భారతీయులు దాదాపు ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రోజుల గుర్తే. తాతల నాడు ఒకవైపు టిక్కెట్టు మీద వెళ్లినవారి మనవలు మరో ఒకవైపు టిక్కెట్టు మీద వచ్చారు. పుట్టినది రంగూన్‌లో, 'తిరిగి వచ్చినది' ఎన్నడూ చూడని ఊరికి. వాళ్ల విషయంలో తిరుగు ప్రయాణం అన్న మాటకు అర్థమేమిటో ఒక్క నిమిషం ఆలోచించండి.

స్వాతంత్ర్యం తర్వాతి దీవులు

1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వం అండమాన్‌లో స్థిరపరిచింది. 1951లో దీవుల జనాభా సుమారు 31 వేలు. 2011 నాటికి 3.8 లక్షలు. 1925లో బర్మా నుంచి తెచ్చిన కరెన్‌లు, 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత పంపిన మాప్పిళ్లలు, శ్రీలంక నుంచి వచ్చి కచల్ దీవి రబ్బరు తోటల్లో స్థిరపడిన తమిళులు, ఉత్తరాంధ్ర మత్స్యకారులు, అందరూ కలిసి నేటి సమాజమయ్యారు. భారత పౌరులకు పోర్ట్ బ్లెయిర్ రావడానికి అనుమతి పత్రం అక్కర్లేదు. 19(1)(డి), 19(1)(ఇ) అధికరణాలు సంచార, నివాస స్వేచ్ఛలిస్తాయి. అయితే ఐలాండర్ గుర్తింపు కార్డు ఉన్నవారికి ఓడ ఛార్జీల్లో రాయితీ ఉంటుంది. అంటే పౌరులందరికీ రేవు ఒకటే అయినా టిక్కెట్టు ధర ఒకటి కాదు.

విదేశీయుల సంగతి వేరు. 1963 నాటి విదేశీయుల నిషిద్ధ ప్రాంతాల ఉత్తర్వు కింద దీవులకు రావాలంటే వీసాతో పాటు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. 2018లో పర్యాటకం కోసం 29 జనావాస దీవులకు ఈ షరతును 2022 చివరి వరకు సడలించారు. పాకిస్తాన్, చైనా, అఫ్గానిస్తాన్ పౌరులకు సడలింపు వర్తించలేదు. ఆ జాబితాలో నార్త్ సెంటినల్ పేరు కూడా ఉండటం విమర్శలకు దారితీసింది. అదే ఏడాది నవంబరులో ఆ దీవిలో అక్రమంగా అడుగుపెట్టిన ఒక అమెరికన్ యువకుడు సెంటినలీల చేతిలో మరణించాడు. ఇక్కడ తికమక పడకండి. సడలింపు విదేశీయుల ఉత్తర్వుకే. ఆదిమ తెగల రక్షణ నిబంధనలు 1956 నాటివి, అవి అప్పుడూ అమల్లోనే ఉన్నాయి. వాటి కింద అనుమతి లేకుండా రిజర్వు ప్రాంతంలోకి విదేశీయుడే కాదు, భారతీయుడూ వెళ్లకూడదు. 2012 సవరణతో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలుగా మారింది. రాజ్యాంగంలోనూ దీనికి ఆధారముంది. 19(5) అధికరణం సాధారణ ప్రజాప్రయోజనం కోసం మాత్రమే కాక, షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కోసం కూడా సంచార స్వేచ్ఛను పరిమితం చేయనిస్తుంది.

ఆ నియమం ఎందుకు అవసరమైందో అంకెలు చెబుతాయి. 1858లో గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారు. వారి నేల మీదికి వచ్చిన ఓడలను ఎవరూ అనుమతి అడగలేదు. 1859 మే 17న అబర్డీన్ పోరులో వారు విల్లంబులతో ఎదురు నిలిచి ఓడారు. 1877లో తట్టు అంటువ్యాధి వారిని ఊడ్చేసింది. 1901 జనాభా లెక్కల్లో వారి సంఖ్య 625, 1951లో 23, 1961లో 19. ప్రవేశ నిబంధన లేకపోవడం అంటే స్వేచ్ఛ అని మనం అనుకుంటాం. ఎవరికి స్వేచ్ఛ అని అడిగితే ఈ అంకెలు జవాబు చెబుతాయి.

నేటి కౌంటర్ దగ్గరికి

మొదట్లో చూసిన విమానయాన ఉద్యోగి ప్రశ్నకు ఇప్పుడు తిరిగి వద్దాం. అతనికెందుకు అంత పట్టుదల? ప్రవేశం దొరకని ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకురావలసిన బాధ్యతను అంతర్జాతీయ పౌర విమానయాన నియమాలు మోసుకెళ్లిన సంస్థ మీదే పెట్టాయి. పత్రాలు సరిగా లేనివారిని తెస్తే జరిమానా. మన దేశంలో 2000 నాటి వాహక సంస్థల బాధ్యత చట్టం లక్ష రూపాయల జరిమానా విధించింది. ఆ చట్టాన్నీ, 1920 పాస్‌పోర్టు ప్రవేశ చట్టాన్నీ, 1939 విదేశీయుల నమోదు చట్టాన్నీ, 1946 విదేశీయుల చట్టాన్నీ కలిపి రద్దు చేసి, వాటి స్థానంలో 2025 వలస, విదేశీయుల చట్టం తెచ్చారు. అది 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కరెంట్ అఫైర్స్‌లో ఇది తప్పక చదవాల్సిన చట్టం.

హక్కుల కోణం కూడా స్పష్టంగా ఉంచుకోండి. 1948 విశ్వమానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ప్రతి మనిషికీ ఏ దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కు, తన దేశానికి తిరిగి వచ్చే హక్కు ఇచ్చింది. మరో దేశంలో ప్రవేశించే హక్కు అందులో లేదు. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది. దాని ఫలితమే 1967 పాస్‌పోర్టుల చట్టం. 1978 మేనకా గాంధీ తీర్పు ఆ హక్కును తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలంది. 1991లో లూయీ డి రేట్ కేసులో విదేశీయుడికి మన దేశంలో స్థిరపడే హక్కు 19వ అధికరణం కింద లేదని తేల్చింది. అంటే బయటికి వెళ్లే తలుపు మీ హక్కు, లోపలికి రానిచ్చే తలుపు అవతలివారి ఇష్టం. తిరుగు టిక్కెట్టు నియమం ఈ రెండు తలుపుల మధ్య ఖాళీలో పుట్టింది.

ఇది మనకు దూరపు విషయం కాదు. కరీంనగర్, నిజామాబాద్, శ్రీకాకుళం, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో విజిట్ వీసా మీద, ఏజెంటు కొనిచ్చిన టిక్కెట్టుతో వెళ్లి పనిలో చిక్కుకుపోయినవారున్నారు. కౌంటర్‌లో చూపించడానికి తిరుగు టిక్కెట్టు ఉంటుంది. దిగాక పాస్‌పోర్టు యజమాని చేతికి పోతే ఆ టిక్కెట్టు చిత్తుకాగితం. 1983 వలసల చట్టం, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఇలాంటి మోసాలను ఆపడానికే ఉన్నాయి. విజిట్ వీసా దారి వాటిని తప్పించుకుంటుంది. నియమం పర్యాటకుణ్ని వెనక్కి పంపగలుగుతోంది, వెనక్కి రావాలనుకునే కూలీని మాత్రం తీసుకురాలేకపోతోంది.

జవాబులో ఎలా వాడాలి?

వలస మీద వ్యాసం వస్తే చాలామంది 'సరిహద్దులు ఉండాలి' అనో, 'సరిహద్దులు వద్దు' అనో ఒక పక్షం తీసుకుంటారు. మీరు ఆ రెండూ చేయకండి. మూడు ప్రశ్నల కొలబద్దతో నియమాలను వేరు చేయండి.

కాలాపానీలో తేదీ రాజ్యానిది, నియమం కాపాడింది సామ్రాజ్యాన్ని. 3 పౌండ్ల పన్ను, నిరంతర ప్రయాణ నిబంధన కాపాడింది అప్పటికే బలంగా ఉన్నవారిని. ఒప్పంద కూలీకి మొదట్లో ఇచ్చిన ఉచిత తిరుగు ప్రయాణం, నేటి వలస రక్షణ చట్టాలు కనీసం ఉద్దేశంలోనైనా బలహీనుడి పక్షం. 1956 ఆదిమ తెగల నిబంధనలు కాపాడేది ఓటు, కోర్టు, పత్రిక ఏదీ అందుబాటులో లేని కొన్ని వందలమందిని. అన్నీ కదలికను నియంత్రించే నియమాలే. అన్నీ ఒక్కటి కావు. ఇలా వేరుచేసి చూపడమే విశ్లేషణ.

సాధన కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను. "ప్రవేశ నియంత్రణ కొన్నిసార్లు వివక్షకు, కొన్నిసార్లు రక్షణకు సాధనమైంది. వలస పాలనా కాలం, స్వాతంత్ర్యానంతర కాలం నుంచి ఉదాహరణలతో చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. పరిచయంలో కాలాపానీ, మధ్యలో నటాల్ లేదా కోమగాట మారు, బర్మా, ఆపైన 19(5), 1956 నిబంధనలు. ముగింపులో గల్ఫ్ కార్మికుడు. ఉదాహరణల్లో కనీసం రెండు తెలుగు నేలవి ఉండేలా చూసుకోండి. మల్లుదొర, బర్మా క్యాంపు సరిపోతాయి.

రాసేటప్పుడు ఒక్క విషయం మరవకండి. గణాంకాల్లో వలస అంటే కదలిక. ఆ కదిలిన మనిషి అడిగేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే: కావాలనుకున్న రోజున ఇంటికి వెళ్లగలనా? మంచి నియమం ఆ ప్రశ్నకు అవునని జవాబివ్వగలగాలి. రేపు మీరు ఆ నియమాలు అమలుచేసే కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు మీ బల్ల ముందు నిలబడే మనిషి దగ్గర ఏ టిక్కెట్టు ఉందని మాత్రమే కాక, అది ఎవరు కొనిచ్చారని కూడా అడగండి.